రుచికి ఋణము కలదా?

పుర్రెకొక బుద్ధి, జిహ్వకొక రుచి యను సామెత మన దేశమున ననేక వాదములను ముగించుటకు ఉపయోగపడుచున్నది. ఒకనికి పులుపు ప్రియము, ఒకనికి కారము ప్రియము. ఇందు న్యాయాన్యాయముల ప్రసక్తి యేమని యడుగుదురు. కూర విషయమున ఈ మాట చెల్లవచ్చును. సంగీతము విషయమున చెల్లునా యనునది నా సందేహము. మనకు ఎవ్వరి చేతివలన ఆనందము కలుగునో ఆ చేతికి మనము ఏమైన ఋణపడి యుందుమా? లేక వెల చెల్లించిన తోడనే లెక్క తీరిపోవునా?

ఈ ప్రశ్న నాకు జాజ్ సంగీతము వలన కలిగినది. ఆత్మకూరులో జాజ్ వినువాడొకడు కలడన్న కొందరు నవ్వుదురు. కొందరు, పాపము, జాలిపడుదురు. నేను సంగీత విద్వాంసుడను గాను. స్వరము వ్రాయుట రాదు. ఏ వాద్యమును వాయింపలేను. ప్రొద్దున పెనముమీద జొన్నరొట్టె కాలుచుండగను, మాపటివేళ ఇంటిలెక్కలు చూచుకొనుచుండగను వినుటయే నా సాధన. ఇట్టివాని యభిప్రాయములకు విలువ యేమని పండితులు అడుగవచ్చును. సభలో ముందు వరుసన గూర్చున్న నలుగురికొరకే పాట పుట్టలేదు. వంట చేయనేర్చినవాడే రుచి చెప్పవలెనన్నచో, మన యిండ్లలో మగవారు అనేకులు భోజనమును గూర్చి నోరు మెదపరాదు. వారు మెదపక మానుచున్నారా?

జాజ్ నెరుగని చదువరులకొరకు దాని పుట్టుకను కొంచెము చెప్పవలెను. అమెరికా దేశపు దక్షిణభాగమున మిసిసిపీ నది యొడ్డున న్యూ ఆర్లియన్సు అను నగరము కలదు. 19వ శతాబ్ది మొదటిభాగమున అచట కాంగో స్క్వేర్ అను మైదానములో, ఆదివారములందు మాత్రము, ఆఫ్రికానుండి తేబడిన బానిసలును వారి సంతతివారును గుమిగూడి తమ దరువులు వేసికొనుటకు సెలవుండెడిది. ఆరు దినములు యజమానునివి; ఏడవనాటి మధ్యాహ్నము తమది. 1865లో బానిసత్వము చట్టముచేత రద్దయినది గాని చిన్నచూపు రద్దు కాలేదు. తెల్లవారికి వేరు రైలుపెట్టె, నల్లవారికి వేరు రైలుపెట్టె యను శాసనమును ధిక్కరించి హోమర్ ప్లెస్సీ 1892లో రైలెక్కినది ఈ నగరముననే. ఆ శాసనము న్యాయమేయని 1896లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. ఆ వీథులలో, ఆ సంవత్సరములలోనే, శవయాత్రలకును వివాహములకును ఊరేగింపులకును వాయించు బ్యాండు మేళములనుండి, పొలముపనిలో పాడుకొను పదములనుండి, చర్చిపాటలనుండి ఈ సంగీతము పుట్టినది.

లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1901లో ఆ నగరపు నిరుపేదవాడలో పుట్టెను. బాల్యమున నొక సంవత్సరాది రాత్రి పిస్తోలు ప్రేల్చినందుకు నల్లజాతి బాలురను ఉంచు సంస్కరణశాలకు పంపబడి, అక్కడి బ్యాండులో కార్నెట్టు అభ్యసించెను. ఇంకొక విచిత్రము: జాజ్ పేరుతో 1917లో మొట్టమొదట వెలువడిన గ్రామఫోను రికార్డు వాయించినవారు అందరును తెల్లవారే. సొత్తు నొకరిది, అమ్ముకొన్నవారు వేరొకరు. ఇట్టి కథలు మనకు క్రొత్తవి గావు.

ఇక ఆ సంగీతపు తీరు. దానిని మన పాలమూరువారికి తెలుపుటకు నాకు దొరికిన మేలైన యుపమానము అవధానము. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానములకు తిరుపతి వేంకటకవులు వచ్చి అవధానములు చేసిన సంగతి సాహిత్యపరు లెరుగుదురు. అవధాని యేమి చేయును? ఛందస్సు ముందే యున్నది. గణములు, యతి, ప్రాస కదలవు. పృచ్ఛకుడు ఇంకొక సంకెల వేయును: ఈ యక్షరము రాకూడదు, ఈ సమస్యను పూరింపుము అనును. ఆ బంధములలో అప్పటికప్పుడు పుట్టిన పద్యమునకు మనము తల యూపుదుము. జాజ్ వాద్యకారుడును అంతే. బ్లూసు అను రూపమునకు పండ్రెండు ఖండములు, ఖండమునకు నాలుగు దెబ్బలు. స్వరమేళనలు మారు చోటులు నిర్ణీతములు. ఆ చట్రము మరల మరల తిరుగుచుండును. ఒక్కొక్కరు వంతులవారీగా ముందునకు వచ్చి అందులో తన పద్యము చెప్పి వెనుకకు తగ్గును. తక్కినవారు ఊరకుండరు, వెనుకనుండి ఎత్తిచూపుదురు, చమత్కరింతురు, ఒక్కొక్కప్పుడు పృచ్ఛకునివలె చిక్కుముడి వేయుదురు. మన కచ్చేరీలలో నెరవు, స్వరకల్పన ఈ జాతివే. కాని మనయందు ప్రధానగాయకుడు రాజు, పక్కవాద్యములు పరివారము. జాజ్‌నందు వంతు వచ్చినవాడే అప్పటికి రాజు. ఈ యొక్క కారణముచేత, నా రుచికి, అది యెక్కువగా పట్టినది.

పనిలో పనిగా నా చిల్లర యభిప్రాయములను గూడ చెప్పెదను. ఒప్పుకొనకున్న నాకు బాధ లేదు. ఆర్మ్‌స్ట్రాంగు 1928లో వాయించిన వెస్ట్ ఎండ్ బ్లూసు మొదట, తాళము లేక ఒంటరిగా బాకా యెత్తుకొను ఆ కొద్దిక్షణములకు సాటివచ్చు ఆలాపన పాశ్చాత్య సంగీతమున నేను వినలేదు. థెలోనియస్ మంక్ పియానో వాయించునప్పుడు మెట్టు తప్పినట్లు తోచి, తరువాత ఆ తప్పిన మెట్టే మెట్టని తెలియును. అతడు వాయింపక విడిచిన చోటు వాయించిన చోటుకంటె విలువైనది. మన సభలలో మైకు వచ్చిన తరువాత మౌనమునకు చోటు లేకుండపోయినది. మృదంగము తనియావర్తనము మొదలుకాగానే కాఫీకి లేచిపోవువారిని చూచిన నాకు కోపము వచ్చును. డ్రమ్ముల వంతు వచ్చినప్పుడు జాజ్ సభలలోను లేచిపోవువారు కలరట. మూర్ఖత్వమునకు ఖండభేదము లేదు. ప్రాచ్యపాశ్చాత్య సమ్మేళనమని పేరుపెట్టి ఇద్దరు విద్వాంసులను ఒక వేదికపై కూర్చుండబెట్టినప్పుడు, ఒకరి మాట ఒకరు వినక వేగములో పోటీపడుటయే ఎక్కువగా జరుగుచున్నది. ఎదుటివాడు చెప్పునది విని బదులు చెప్పినప్పుడే సంభాషణ.

బిల్లీ హాలిడే 1939లో పాడిన స్ట్రేంజ్ ఫ్రూట్ అను పాట విషయము వేరు. చెట్టుకు ఉరితీయబడి వ్రేలాడు నల్లజాతివారి శరీరములను గూర్చిన పాట యది. ఆమెకు అలవాటైన రికార్డుల కంపెనీ వెనుకాడగా వేరొక చిన్న సంస్థ దానిని వెలువరించినది. రొట్టె కాల్చుకొనుచు వినవలసిన పాట కాదు. నేను దానిని అరుదుగా వినుదును; విన్నప్పుడు చేతిలోని పని మానుదును.

జాజ్ ప్రియునిపై మన యూరిలో వచ్చు మొదటి యాక్షేపణ అది పరాయిదనునది. దీనికి బదులు చెప్పుట సులభము. నేడు కర్ణాటక సంగీతసభకు ప్రాణమైన ఫిడేలు ఎచటిది? ముత్తుస్వామి దీక్షితుల సోదరుడైన బాలుస్వామి దీక్షితులు 19వ శతాబ్ది తొలినాళ్లలో దానిని మన సంగీతమున కలవరచెను. ముత్తుస్వామి దీక్షితులు స్వయముగా ఇంగ్లీషు బ్యాండు మెట్లకు సంస్కృత సాహిత్యము కూర్చెను, వానిని నోట్టుస్వరములందురు. బెల్జియముదేశీయుడైన అడాల్ఫ్ సాక్సు 1846లో హక్కుపత్రము పొందిన సాక్సొఫోనును కద్రి గోపాలనాథ్ రాగాలాపనకు లొంగదీసెను. మన పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ మాండొలినును పసితనముననే చేపట్టి లోకమును అబ్బురపరచెను. తరువాత జాజ్‌నుండి వచ్చిన గిటారు విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో దేశదేశముల వాయించెను. అటునుండియు రాకపోకలు గలవు: జాన్ కోల్‌ట్రేన్ 1965లో పుట్టిన తన కుమారునకు రవిశంకర్‌పై గౌరవముచే రవి యని పేరు పెట్టెను. హార్మోనియము పరాయిదని 1940లో ఆకాశవాణి నిషేధించి 1971 వరకు సడలింపలేదు. ఆ ముప్పదియేండ్లును మన యూళ్ల భజనమండలులు హార్మోనియముతోనే సాగినవి. రేడియో ఆజ్ఞను దేవుడు పాటించినట్లు లేదు.

రెండవ యాక్షేపణ బరువైనది. అది నీచుల పాట యనునది. జాజ్‌ను గూర్చి 1920ల అమెరికాలో మర్యాదస్థులైన తెల్లవారు మాత్రమే గాక, చదువుకొని పైకి వచ్చిన నల్లవారు కొందరును ఈ మాట యనిరి. పానశాలలలోను వేశ్యావాటికలలోను వాయింపబడిన సంగీతము పిల్లలను చెరచునని భయపడిరి. మన సంస్కర్తలు భోగముమేళములను మాన్పించినప్పుడు ఇట్టి భయమే పనిచేసినది. ఆ యాచారమున నలిగిన స్త్రీలను విడిపింపవలసినదే. అందు నాకు సందేహము లేదు. కాని వారి కళను తరువాతి తరమున గౌరవకుటుంబములవారు స్వీకరించి, దానిని కాపాడినవారి పేరును మాత్రము గడపవద్దనే విడిచిరి. త్యాగరాజస్వామి సమాధికి 1920లలో తన సొమ్ముతో ఆలయము కట్టించిన బెంగళూరు నాగరత్నమ్మ ఆ కులములోని స్త్రీయే. అచటి ఆరాధనలో స్త్రీలు పాడరాదను కట్టుబాటును గూడ ఆమె యెదిరింపవలసి వచ్చెను.

ఇప్పుడు నా మొదటి ప్రశ్నకు వత్తును. పాట నచ్చినది, పాట పుట్టించినవాని యవస్థ మనకు పట్టవలెనా? కొందరు తమ నడవడిచేత దీనికి బదులు చెప్పిరి. డేవ్ బ్రూబెక్ అను తెల్లజాతి పియానో విద్వాంసుడు 1958లో అమెరికా ప్రభుత్వము పంపగా తన బృందముతో మన దేశమునకు వచ్చి వాయించెను. ఆ బృందమున యూజీన్ రైట్ అను నల్లజాతి వాద్యకారుడు కలడు. 1960లో దక్షిణరాష్ట్రముల కళాశాలలలో 25 కచ్చేరీలు కుదిరినవి. రైట్‌ను మార్చి తెల్లవానిని తెమ్మని వానిలో అధికభాగము పట్టుపట్టగా బ్రూబెక్ ఒప్పుకొనలేదు. 23 కచ్చేరీలు పోయినవి, వానితో ధనమును పోయినది. 1957లో లిటిల్ రాక్ పట్టణమున నల్లజాతి పిల్లలను బడిలోనికి రానీయకపోగా ఆర్మ్‌స్ట్రాంగు తన సోవియట్ యాత్రను విరమించెను. అంతవరకు ఎల్లవేళల నవ్వుచుండువాడనియు, తెల్లవారి మెప్పు కోరువాడనియు అతనిని సొంతజాతి యువకులే యెగతాళి చేయుచుండిరి.

వీరు రుచి యనునది చెవితో ముగియదని తలచినవారు. నేను వారివలె ధనము పోగొట్టుకొనవలసిన యవసరము లేనివాడను. ఏడు సముద్రముల కావలి బానిసల మనుమల పాటకు నేను తల యూపిన నాకు ఖర్చేమున్నది? అందుకే నా మిత్రుడొకడు, ఆయనను మా వీథిలో అందరును పంతులుగారందురు, ఒకనాడు నన్ను సూటిగా నడిగెను: “నీ న్యూ ఆర్లియన్సు శవయాత్రలో బాకాలు మ్రోగిన కన్నీరు పెట్టుకొందువే, మన వాడకట్టులో శవము ముందు దప్పు మ్రోగిన కిటికీ మూయుదు రేమయ్యా మీవాండ్లు?”

ఆ పోలిక నిజమైనది. న్యూ ఆర్లియన్సులో బ్యాండువారు శ్మశానమునకు పోవునప్పుడు మందగతిని శోకరాగము వాయింతురు; తిరిగి వచ్చునప్పుడు దరువు మార్చి ఉత్సాహముగా వాయింపగా వెంట జనము నృత్యము చేయుచు వత్తురు. మన పల్లెలలోను శవమునకు ముందు దప్పు నడచును. దాని దరువులు చావునకు వేరు, పెండ్లికి వేరు, జాతరకు వేరు. అక్కడ ఆ బాకా యూదినవాని పేర విమానాశ్రయము వెలసినది. లూయీ ఆర్మ్‌స్ట్రాంగు విమానాశ్రయమునందు దిగియే నేడు ఆ నగరమున కాలు పెట్టవలెను. ఇక్కడ దప్పు కొట్టువానికి దప్పు ఒక విద్య యనిపించుకొనలేదు. పుట్టుకతో వచ్చిన చాకిరి యనిపించుకొనినది. పిలిచినప్పుడు పోవలెను, ఇచ్చినది పుచ్చుకొనవలెను, పందిరి బయట నిలువవలెను.

మా ప్రాంతమున ప్రతి కార్తికమాసమునందు జరుగు కురుమూర్తి జాతరను చూచినవారికి ఇందలి వింత మరింత తెలియును. స్వామి యాభరణములు ఆత్మకూరునుండి ఊరేగింపుగా పోవును. ఉద్దాలు, అనగా స్వామి పాదుకలు, వడ్డెమానునుండి వచ్చును. వానిని దళితులు నియమముతో కుట్టుదురు. ఉద్దాల యుత్సవమునాడు వేలకొలది జనులు, కులభేదము లేక, ఆ తోలు తమ తలకు సోకవలెనని త్రోసికొందురు. ఆభరణములకంటె ఉద్దాలకే జనము ఎక్కువయని నాకు తోచును. ఒక్కనాడు ఆ చేతిపని శిరోధార్యము. మిగిలిన దినములలో అదే చేతులు తోలు నానబెట్టి, గీకి, చట్రమునకు బిగించి చేసిన దప్పు మన గడప తొక్కరాదు. దేవునియెదుట తీరిన లెక్క ఊరియెదుట ఎందుకు తీరలేదో ఏ పురాణమును చెప్పదు.

అయితే దప్పును అందరము మెచ్చుకొని, ‘మా ప్రాచీన కళ, మానవద్దు’ అని వారిని బ్రతిమాలవలెనా? ఇక్కడనే రసికులు జారిపడుదురు. అంబేద్కరు 1927లో మహాడ్‌నందు చచ్చిన పశువుల మాంసము మానుడని తనవారికి బోధించెను. ఆ త్రోవన అనేక గ్రామముల దళితులు కళేబరములు మోయుట మానిరి. దప్పు కొట్టుటయు మానిరి. ఆ మానుట వారి చేతనైన మొదటి స్వాతంత్ర్యము. కళ పోవుచున్నదే యని అప్పుడు దుఃఖించినవారు, వేలయేండ్లు ఆ కళాకారుడు బయట నిలిచినప్పుడు దుఃఖించినవారు గారు. తరువాత 1994లో మాదిగ దండోరా యను పేర నుద్యమము లేచినప్పుడు ఆ దప్పే వారి జెండాయై తిరిగి వచ్చినది. ఎప్పుడు మానవలెనో, ఎప్పుడు ఎత్తవలెనో వారే నిర్ణయించుకొనిరి. డ్యూక్ ఎల్లింగ్టన్ వంటివాడు తన సంగీతమునకు జాజ్ అను పేరే అక్కరలేదనెను. మాక్స్ రోచ్ ఆ పేరును ఒల్లననెను. మా పాటకు మీరు పెట్టిన పేరు మీ యొద్దనే యుంచుకొనుడని వారి భావము. మెచ్చుకొనువానికి మెచ్చుకొను హక్కు కలదు గాని ఏలుబడి లేదు.

కిన్నెర సంగతి చూడుడు. ఆనపకాయ బుర్రలు, వెదురుగడ, తంతులు, పండ్రెండు మెట్లు. దక్కలివారు తరతరములుగా దానిపై కథలు చెప్పుచు వచ్చిరి. పాలమూరులో పేదల పక్షము నిలిచిన పండుగ సాయన్న కథ చరిత్ర గ్రంథములలో కంటె ఆ బుర్రలలోనే యెక్కువగా బ్రదికినది. పండ్రెండు మెట్ల కిన్నెర వాయించు దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చినది. చలనచిత్రములో పాడగా దేశమంతయు వినినది. 2024లో ఆయన హైదరాబాదు దాపున ఇండ్లు కట్టుచోట దినకూలికి పోవుచుండెనని పత్రికలు వ్రాసినవి. ఆ పాటను కోట్లమంది తమ సెల్ఫోనులలో వినిరి గదా. వారిలో నేనును ఒకడను. వినుట తేలిక, వినిన తరువాత చేయవలసినది కష్టము. పద్మశ్రీలతో ఈ లెక్క తెగదు. పాటకు కూలి కుదుర్చుకొని, అడిగినంత యిచ్చి, పందిరిలో కూర్చుండబెట్టి, పంక్తిలో వడ్డించుటతో మొదలు కావలెను. ఇందులో మహత్కార్యమేదియు లేదు. పెండ్లికి వచ్చిన సన్నాయివారికి కొన్ని యిండ్లలో ఇప్పటికే జరుగుచున్నది. దప్పువారికి జరుగుట నేను ఒకటి రెండు చోటుల కంటె ఎక్కువగా చూడలేదు.

పంతులుగారితో ఇంత చెప్పిన తరువాత ఆయన యింకొక ప్రశ్న వేసెను: “వాండ్ల పిల్లలు చదువుకొని ఉద్యోగములకు పోయి, ఇక దప్పు కొట్టమన్నచో మీ చావునకు ఎవడు కొట్టును?” పిల్లలు చదువుకొనుట కోరదగినదే గనుక ఈ ప్రశ్నను ఎగతాళిగా త్రోసివేయరాదు. న్యూ ఆర్లియన్సు సంగీతము ఒక్క కులమున నిలిచిపోక తెల్లవారి పిల్లలకును, యూదుల పిల్లలకును, బొంబాయి హోటళ్లలో గోవా క్రైస్తవులకును అబ్బినది; అభ్యసింపవచ్చునని వారు తలచిరి గనుక అబ్బినది. చిర్ర కుడిచేత, చిటికెన పుల్ల యెడమచేత పట్టవలెను. వాయించుటకు ముందు గడ్డి మంటవద్ద తోలు కాచి బిగువు తేవలెను. బిగువు సరిపోయినదో లేదో వ్రేలితో మీటి చూడవలెను. దరువులు పట్టుబడుటకు నెలలు పట్టును. రెడ్లలోను, వైశ్యులలోను, పంతులుగారి యింటిలోను పిల్లలు లేకపోలేదు. గురువు పక్కవాడలోనే యున్నాడు, అడిగిన నేర్పునో నేర్పడో. నేర్పనన్నచో దానికిని ఆయనకు కారణములుండును. పంతులుగారు ఈ మాటకు బదులు చెప్పక, తన మనుమనికి సంగీతముమాస్టరుగారు కీబోర్డు నేర్పుచున్నారని మాత్రము చెప్పెను.